లిమిటర్ పెంచాలా, స్ప్రింగ్‌లు మార్చాలా, స్ప్రాకెట్‌తో సరిపెట్టుకోవాలా?

బండికి ఫిల్టర్, ఎగ్జాస్ట్ మార్చి, మ్యాపింగ్ (ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్రోలు, స్పార్కు లెక్కలు సరిచేయడం) చేయించిన ప్రతివాడూ ఆ తర్వాత అడిగేది ఒకటే, "అన్నా, లిమిటర్ ఇంకో వెయ్యి పెంచిద్దామా?" అని. లిమిటర్ అంటే ఇంజిన్ నిమిషానికి ఇన్ని చుట్లు (ఆర్‌పీఎం) దాటి తిరగకుండా ఆపే హద్దు. పోయిన నెల నా 2018 డ్యూక్ 390 విషయంలో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది, అందుకే రాస్తున్నా.

ల్యాప్‌టాప్ తగిలించి నంబర్ మార్చడం పది నిమిషాల పని, అందుకే అందరి కన్నూ ముందు దాని మీదే పడుతుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పవర్ గీత ఎక్కడ వంగుతోందో. ఈ బండికి కంపెనీ చెప్పే 43.5 పీఎస్ వచ్చేది 9,000 ఆర్‌పీఎం దగ్గర. నా బండిని డైనో (పవర్ కొలిచే యంత్రం) ఎక్కిస్తే, ఎగ్జాస్ట్ మారినా పీక్ ఆ చుట్టుపక్కలే ఉంది, లిమిటర్ తగలకముందే గీత కిందికి దిగడం మొదలైంది. క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) పాతదే, హెడ్‌లో (ఇంజిన్ పైభాగంలో) పోర్టులు, అంటే గాలి వెళ్లే దారులు, పాతవే, మరి ఇంజిన్‌కి పైన గాలి ఎక్కడినుంచి వస్తుంది? ఆ పైన వెయ్యి పెంచితే అరుపు పెరుగుతుంది, లాగుడు పెరగదు. పైగా 10,000 నుంచి 11,000కి వెళ్తే వేగం పెరిగేది 10 శాతమే అయినా కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని పట్టుకున్న కడ్డీ) మీద జడత్వపు లోడు, వేగం వర్గం లెక్కన, 21 శాతం పెరుగుతుంది.

అలాగని పూర్తిగా దండగ అనను. పీక్ దాటించి గేర్ మారిస్తే తర్వాతి గేరు మంచి ఆర్‌పీఎంలో పడుతుంది కదా, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు రేసు ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి రెండు మూడొందలు పెరిగినా ఒక గేర్ మార్పు తప్పొచ్చు. మాదాపూర్ సిగ్నళ్ల మధ్య తిరిగేవాడికి దాంతో పనేంటి?

నిజంగా పైకి తిప్పాలంటే హెడ్ దించాల్సిందే. గట్టి వాల్వ్ స్ప్రింగ్‌లు (వాల్వుల్ని మూసేవి), దానికి జోడీగా క్యామ్. ఒక దోస్తు తన 200 సీసీ బండికి లిమిటర్ ఒక్కటే పెంచి వదిలేశాడు. కొన్నాళ్లకి ఇంజిన్ విప్పితే పిస్టన్ నెత్తిన గోరుతో నొక్కినట్టు సన్నటి నెలవంక గుర్తు. స్ప్రింగ్ వాల్వుని టైముకి మూయలేకపోయింది, పిస్టన్ వచ్చి ముద్దు పెట్టింది. మెకానిక్ భాయ్ వాల్వుని వేళ్ల మధ్య తిప్పి వంకర చూపించి, "స్ప్రింగులు చూడకుండ పెంచుతరా?" అని ఒక్క మాటన్నాడు. అయితే మరీ గట్టి స్ప్రింగ్‌లు వేస్తే క్యామ్, రాకర్ (వాల్వుని నొక్కే చేయి) తొందరగా అరుగుతాయి, అదీ గుర్తుంచుకోండి.

బుల్లెట్ వాళ్లకి ఒక మాట. పాత 346 సీసీ ఇంజిన్ స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 90 మి.మీ., డ్యూక్‌ది 60. బుల్లెట్ 6,500 తిరిగితే దాని పిస్టన్ సగటు వేగం సెకనుకి 19.5 మీటర్లు, డ్యూక్ ఆ వేగం అందుకోవాలంటే 9,750 తిరగాలి. ఆ బండికి లిమిట్ పెంచమని నన్ను అడగకండి.

బోర్ కిట్ (సిలిండర్ వెడల్పు, దాంతో సీసీ పెంచేది) అంటారా, ఖర్చూ ఎక్కువే, ఆర్‌సీతో తలనొప్పీ ఎక్కువే, వదిలేయండి.

చివరికి నేను ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) 15 పళ్లది తీసి 14 వేయించా. వెనక 45 కాబట్టి రేషియో 3 నుంచి 3.21 అయింది, అంటే ఏ స్పీడులోనైనా ఇంజిన్ 7 శాతం ఎక్కువ తిరుగుతుంది, చక్రానికి లాగుడు కూడా అంతే పెరుగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండో గేర్లోనే తేడా తెలిసింది. నష్టాలు లేకపోలేదు, చైన్ కాస్త తొందరగా అరుగుతుంది, శ్రీశైలం రోడ్డులో వందలో పోతుంటే పెగ్స్ (కాళ్లు పెట్టుకునేవి) వణుకుతాయి. టాప్ స్పీడ్ తగ్గినా నాకు బాధ లేదు, ఓఆర్ఆర్ ఎలాగూ మన టూవీలర్లని ఎక్కనివ్వరు. పాత 15 పళ్లదానికి నూనె రాసి డబ్బాలో పెట్టా, లాంగ్ రైడ్ ఉన్నప్పుడు వేసుకుని చైన్ బిగువు సరిచేసుకోవడానికి అరగంట చాలు.