డౌన్ బ్యాగా, సింథటిక్ బ్యాగా? మైనస్ 30లో పడుకోవాల్సిన గుంటూరు పిల్లాడికి ఏది మేలు

మా తమ్ముడి కొడుకు జనవరిలో లడఖ్ వెళ్తున్నాడు. ఆరు వేల మీటర్ల శిఖరం. రాత్రిళ్లు మైనస్ 25, మైనస్ 30 దాకా దిగే చోట వారం రోజులు టెంట్‌లో పడుకోవాలి. 2014 మేలో మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిందని టీవీలో చూసినప్పుడు వాడికి పదకొండేళ్లు. అప్పట్నుంచి అదే ధ్యాస. మొన్న ఫోన్ చేసి, "పెదనాన్నా, డౌన్ స్లీపింగ్ బ్యాగ్ కొననా, సింథటిక్‌ది కొననా? డౌన్ తడిస్తే ఎందుకూ పనికిరాదంటున్నారు" అని అడిగాడు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, వాడిలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు కాబట్టి.

మన వైపు వాళ్లకు ఈ ఎంపికలో ఒక కష్టం ఉంది. డిసెంబర్ తెల్లవారుజామున 17 డిగ్రీలుంటేనే మనకు మంకీ క్యాప్ కావాలి. గుంటూరులో అన్నిటికంటే చల్లని చోటు మిర్చి కోల్డ్ స్టోరేజీ. అక్కడ కూడా సున్నాకు పైనే ఉంటుంది. బ్యాగు వెచ్చగా ఉంటుందో లేదో కొనేముందు ఇక్కడ తేల్చుకునే దారి లేదు. అందుకే అది ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి.

డౌన్ అంటే ఈకలు కాదు. బాతుల రొమ్ము మీద, ఈకల అడుగున ఉండే మెత్తటి నూగు. చలిని ఆపేది ఆ నూగు మధ్య చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. పత్తి పండించే ఊరివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అణిగిపోయిన పరుపు విప్పి దూది ఏకిస్తే అదే దూది ఎంత పొంగుతుందో మనం చూసినదే. డౌన్ ఎంత పొంగుతుందో చెప్పే లెక్కను ఫిల్ పవర్ అంటారు. 800 ఫిల్ పవర్ ఉన్న డౌన్ 28 గ్రాములు తీసుకుంటే దాదాపు 13 లీటర్ల చోటు నింపుతుంది. 550దైతే 9 లీటర్లే. అయితే ఈ ఒక్క అంకె చూసి కొనకూడదు. లోపల ఎన్ని గ్రాముల డౌన్ నింపారో కూడా అడగాలి. 800 రకం 300 గ్రాములున్న బ్యాగు కంటే 600 రకం 900 గ్రాములున్న బ్యాగు వెచ్చగా ఉంటుంది.

సింథటిక్ అంటే పాలిస్టర్ పోగులు. ధర బాగా తక్కువ. తడిసినా పూర్తిగా అణిగిపోదు, త్వరగా ఆరుతుంది. వానలో, తడి మంచులో, సున్నాకు కాస్త అటూ ఇటూ ఉండే ట్రెక్‌లకు నేను అదే కొనమంటాను. కానీ మైనస్ 30కి సరిపడే సింథటిక్ బ్యాగు మోయడం మాటలు కాదు. అంతే వెచ్చదనమిచ్చే డౌన్ బ్యాగు కంటే కిలోకు పైగా ఎక్కువ బరువుంటుంది, రక్‌శాక్‌లో సగం అదే ఆక్రమిస్తుంది. పైగా మడిచీ మడిచీ కొన్నేళ్లకే పొంగు తగ్గిపోతుంది. డౌన్‌ను శ్రద్ధగా చూసుకుంటే ఇరవై ఏళ్లయినా పనికొస్తుంది.

ఇక తడి సంగతి. అందరూ భయపడేది వాన గురించి, మంచు గురించి. మైనస్ 20లో వాన ఉండదు, మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. అసలు తడి మన ఒంట్లోంచే వస్తుంది. రాత్రంతా చర్మం నుంచి ఆవిరి బయటికి పోతూనే ఉంటుంది. మామూలు చలిలో అది బ్యాగు దాటి వెళ్లిపోతుంది. తీవ్రమైన చలిలో బయటి పొరకు చేరేలోపే డౌన్‌లోనే గడ్డకడుతుంది. పగలు ఎండలో ఆరబెట్టే వీలు లేకపోతే రోజురోజుకీ ఆ మంచు పేరుకుంటుంది. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండల్లో ఒక చలికాలం నాకు ఇదే జరిగింది. మొదటి రెండు రాత్రులు హాయిగా నిద్రపోయాను. మూడో రాత్రి పాదాలు చల్లబడ్డాయి. నాలుగో రోజు పొద్దున బ్యాగు మడుస్తుంటే కాళ్ల దగ్గర చేతికి ఉండలుండలుగా తగిలింది. చలికి ముక్కు లోపల పెట్టుకుని ఊపిరి వదలడం నేను చేసిన పెద్ద తప్పు. ఆ తేమంతా డౌన్‌లోకే పోయింది. ముఖం బయటే ఉండాలి, తల చుట్టూ వచ్చే హుడ్ తాడు బిగించి ముక్కూ నోటి మేరకే సందు వదలాలి.

దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం రెండు బ్యాగులు. లోపల డౌన్, దాని మీద వదులుగా పల్చటి సింథటిక్‌ది. అప్పుడు ఆవిరి గడ్డకట్టే చోటు పై పొరకు మారుతుంది. తడిసేది సింథటిక్, దానికి ఆ తడితో పెద్ద నష్టం లేదు. లోపలి డౌన్ పొడిగా ఉంటుంది. పైది బిగుతుగా ఉంటే మాత్రం డౌన్‌ను అణిచేసి చెరుపు చేస్తుంది. గాలి, ఆవిరి చొరబడని లైనర్లు కూడా దొరుకుతాయి, వాటిని లోపల వేసుకుంటే చెమట బ్యాగుకు చేరదు. వాటిలో ఒళ్లు జిగటగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాడికి నేను చెప్పను.

లేబుల్ మీది అంకెల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడుంటాయి. కంఫర్ట్ అంటే సగటు ఆడమనిషి సుఖంగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు మగవాడు ముడుచుకుని పడుకుని 8 గంటలు గడపగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే 6 గంటలు ప్రాణం నిలిచేది, అంతే. అందులో నిద్ర లెక్క లేదు. దుకాణంలో పెద్ద అక్షరాల్లో ఏ అంకె వేసినా, కంఫర్ట్ ఎంతో అడిగి తీరాలి. మన లాంటి వేడి ఊళ్ల వాళ్లు దానికి ఇంకో 5 డిగ్రీలు అదనంగా చూసుకోవాలని నా నమ్మకం.

కింద వేసే మ్యాట్ సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన డౌన్ అయినా వృథా. వీపు కింద అది అణిగిపోతుంది, అందులో గాలే ఉండదు. మ్యాట్ చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్-వాల్యూ అంటారు. మంచు మీద పడుకోవాలంటే అది 6 అయినా ఉండాలి. ఫోమ్ మ్యాట్ ఒకటి, గాలి నింపేది ఒకటి కలిపి వేస్తే వాటి విలువలు కూడతాయి. బడ్జెట్ తక్కువైతే బ్యాగులో కాదు, ముందు వేరే ఖర్చుల్లో తగ్గించుకోండి.

ఒక్కసారే వెళ్లేవాళ్లు లేహ్‌లో అద్దెకు తీసుకోవడమే మేలు. తీసుకునేముందు పరిచి అరగంట ఆగి ఎంత పొంగిందో చూడాలి, తర్వాత లైటుకు ఎదురుగా పట్టుకోవాలి. నేను ఒకసారి అలా చూస్తే కాళ్ల దగ్గర డౌన్ నింపే గదులన్నీ ఖాళీగా కనిపించాయి. వెంటనే మార్పించుకున్నాను.

మా వాడు ఏటా వెళ్తానంటున్నాడు కాబట్టి కొనడమే సరి అన్నాను: కంఫర్ట్ మైనస్ 20 ఉన్న డౌన్ బ్యాగు, దాని మీదకు, వెచ్చదనం పెంచడానికి కూడా, నా పాత సింథటిక్‌ది. ఇంటికొచ్చాక దాన్ని చిన్న సంచిలో కుక్కి అటక మీద పడేయకూడదు. మన వానాకాలపు తేమకు బూజు పడుతుంది, అణిగినది మళ్లీ పొంగదు. పెద్ద నూలు గలీబులో వదులుగా పెట్టి, బీరువాలో వేలాడదీసి, నెలకోసారి నీడలో గాలికి ఆరేయాలి.

వెచ్చదనం ఇక్కడ పరీక్షించలేకపోయినా ఒకటి మాత్రం చేయొచ్చు. ఆదివారం రాత్రి వాణ్ని మా ఇంటికి రమ్మన్నాను. ఏసీ 16లో పెట్టి, లైట్లు ఆర్పేసి, చేతికి గ్లౌజులతో ఆ రెండు బ్యాగుల జిప్పులూ లోపల్నుంచి తీయడం, వేయడం పదిసార్లు చేయిస్తాను.