పాత యాంప్లిఫయర్‌కు కొత్త కార్డు: ఎన్ఏడీ సీ 368తో ఏళ్ల తరబడి

యాంప్లిఫయర్‌లో భాగాలన్నీ ఒకేసారి ముసలివి కావు. పవర్ సప్లై, స్పీకర్లను నడిపే భాగం బాగా కడితే దశాబ్దాలు నిలుస్తాయి. 1978లో ఆడియో కంపెనీ ఎన్ఏడీ తెచ్చిన 3020 మోడల్ కెపాసిటర్లు మార్చుకుని నేటికీ ఎన్నో ఇళ్లలో మోగుతోంది. డిజిటల్ భాగానికి అంత ఆయుష్షు లేదు. మా ఇంట్లో ఇంతకుముందున్న వేరే కంపెనీ రిసీవర్ చక్కగా పాడుతుండగానే మూలపడింది. దాని హెచ్‌డీఎంఐ బోర్డులో హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ఏర్పాటు లేదు కాబట్టి కొత్త 4కే పరికరాల బొమ్మ దాని గుండా టీవీకి చేరలేదు. బోర్డు ఒక్కటే మార్చమని అడిగితే సర్వీస్ సెంటర్‌లో "ఆ వీలు లేదండి, కొత్తది తీసుకోండి" అన్నారు. బంగారంలాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టెను తుక్కు కింద ఇచ్చేయడానికి మనసొప్పలేదు.

2018లో ఎన్ఏడీ సీ 368 యాంప్లిఫయర్ కొనడానికి కారణం అదే. చానెల్‌కు 80 వాట్లు, లోపల హైపెక్స్ కంపెనీ వారి క్లాస్-డీ పరిజ్ఞానం (కరెంటును వేడిగా వృథా చేయడం తక్కువ), గ్రామఫోన్ రికార్డులకు ఫోనో ఇన్‌పుట్, ఆప్టికల్, కోయాక్సియల్ డిజిటల్ ఇన్‌పుట్లు, బ్లూటూత్. వెనకవైపు మాత్రం రెండు ఖాళీ స్లాట్లు. ఎన్ఏడీ దీన్ని ఎండీసీ (మాడ్యులర్ డిజైన్ కన్‌స్ట్రక్షన్) అంటుంది. త్వరగా పాతబడే డిజిటల్ పనులను విడి కార్డుల మీద పెట్టి, కావలసినవాళ్లు కావలసినప్పుడు బిగించుకునేలా చేసిన ఏర్పాటు ఇది. నెట్‌వర్క్ సంగీతానికి ఒక కార్డు, హెచ్‌డీఎంఐకి ఒకటి, కంప్యూటర్ యూఎస్‌బీకి ఒకటి.

మొదట కార్డు లేకుండానే వాడాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా హాలు పడమటి వైపుకు ఉంటుంది. మే నెలలో సాయంత్రానికి గోడలు కాలిపోతుంటాయి. క్లాస్-డీ కాబట్టి అంత ఎండలోనూ దీని పైమూత గోరువెచ్చగా ఉంటుందే తప్ప చెయ్యి కాలదు. విజయవాడలో యాంప్లిఫయర్ కొనేవారు శబ్దం ఎంత చూస్తారో వేడి కూడా అంతే చూడాలని నా అభిప్రాయం.

తర్వాత నెట్‌వర్క్ సంగీతానికి పనికొచ్చే బ్లూఓఎస్ 2ఐ కార్డు తెప్పించాను. ప్లగ్ తీసేసి, స్లాటుకున్న రేకు మూత స్క్రూలు విప్పి, కార్డును గాడిలో పెట్టి నెమ్మదిగా తోశాను. చివర్లో కొంచెం గట్టిగా నొక్కాలి; కనెక్టర్ కూర్చున్నట్టు వేలికే తెలుస్తుంది. మళ్లీ స్క్రూలు బిగించి, రౌటర్ నుంచి ఈథర్‌నెట్ కేబుల్ లాగాను. ఆన్ చేయగానే ఇన్‌పుట్ల జాబితాలో కొత్త పేరు చేరింది. సోల్డరింగ్ లేదు, మెకానిక్ అక్కర్లేదు.

హార్డ్ డిస్కులో దాచిన బాలమురళీకృష్ణ గారి కచేరీలు ఇప్పుడు నేరుగా దీంట్లో మోగుతున్నాయి. మృదంగంలో తొప్పి (మంద్ర శబ్దమిచ్చే ఎడమ) వైపు మోత సాగి, సాగి, తర్వాతి దెబ్బకు చోటిచ్చి తప్పుకుంటుంది. పాత రిసీవర్లో అదంతా ఒకటే గుమ్మనే మోతగా వినిపించేది. ఈ మెరుగు యాంప్లిఫయర్‌ది, కార్డుది కాదు. కార్డు ఇచ్చింది సౌకర్యం: ఫోనులోంచే వాల్యూమ్, ఇన్‌పుట్ మార్చుకోవచ్చు, యాపిల్ పరికరాల నుంచి పాట పంపే ఎయిర్‌ప్లే 2 వచ్చింది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు నెట్ ద్వారానే అందుతున్నాయి. అమ్మ కూడా ఎవరినీ పిలవకుండా తనకు కావలసిన కీర్తన పెట్టుకుంటోంది.

కార్డు ధరకు విడిగా ఒక చిన్న స్ట్రీమర్ (నెట్‌వర్క్ సంగీతం అందించే పెట్టె) కొని కోయాక్సియల్‌కు తగిలిస్తే సరిపోదా అని స్నేహితులు అడుగుతుంటారు. సరిపోతుంది. ధర ఒక్కటే లెక్కైతే అదే చేయండి. కానీ అప్పుడు ఇంకో అడాప్టర్, ఇంకో రిమోట్, వాల్యూమ్ ఎక్కడ తగ్గించాలన్న సందేహం. ఒకే పెట్టె ఒకే మాట వినడం రోజూ వాడేవారికి విలువైన సంగతి.

స్లాటు ఉంటే సరిపోదు, దానికి కార్డులు తయారుచేస్తూ ఉండాలి. ఈ విషయంలో నాకు ఆదర్శం స్కాట్లండ్‌కు చెందిన ఆడియో కంపెనీ లిన్. డెబ్బైల మొదట్లో వచ్చిన ఎల్‌పీ12 టర్న్‌టేబుల్‌కు 2020లో తెచ్చిన కారొసెల్ బేరింగ్ కూడా సరిపోతుంది. అర్ధశతాబ్దం నాటి కొనుగోలుదారుడినీ వదిలిపెట్టకపోవడమంటే అదీ. ఎన్ఏడీ కొత్త మోడళ్లలో, ఉదాహరణకు సీ 399లో, ఎండీసీ2 అనే తర్వాతి తరం స్లాట్లు ఉంటాయి. గది ప్రతిధ్వనిని సవరించే డిరాక్ లైవ్ వాటికొచ్చే బ్లూఓఎస్-డీ కార్డులో ఉంది. ఆ కార్డు సీ 368కు సరిపోదు. అయినా ఒక స్లాటు ఒక తరం పాటు పనికొచ్చిందంటే, ఆ తరంలో ఒక మంచి యాంప్లిఫయర్ తుక్కులోకి పోలేదన్నమాట. నాకు అది చాలా పెద్ద లాభం.

సీ 368 సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవారు 2ఐ కార్డు బిగించి ఉన్నదాన్నే అడగండి. వెనకవైపు ఫొటోలో ఈథర్‌నెట్ సాకెట్ కనిపిస్తే కార్డు ఉన్నట్టే, కానీ అది 2ఐ కార్డో, అంతకుముందు తరం బ్లూఓఎస్ కార్డో వేరుగా కనుక్కోండి. కొత్తది కొనేవారు డీలర్‌ను వాట్ల గురించి అడిగే ముందు, ఆ స్లాటుకు ఈరోజు ఏయే కార్డులు దొరుకుతున్నాయో అడగండి.