కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్: రచయిత చేతికొచ్చేది ఎంత?

సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకు అమెజాన్ వారి కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్ (కేడీపీ) మంచి సేవే. ముందుగా పైసా కట్టనక్కర్లేదు. కానీ ధర పెట్టే దగ్గరే చాలామంది నష్టపోతున్నారు.

అమెరికా సైట్‌లో ఈబుక్ ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటేనే 70 శాతం రాయల్టీ. అటూ ఇటూ దాటితే 35 శాతమే. 9.99కి అమ్మితే దాదాపు 7 డాలర్లు వస్తాయి, 10.99కి అమ్మితే 3.85. ధర పెంచి ఆదాయం సగం చేసుకున్నట్టే!

70 శాతంలో ఇంకో మెలిక ఉంది: ఫైల్ సైజులో ఎంబీకి 15 సెంట్ల డెలివరీ ఖర్చు పట్టుకుంటారు. నవలకైతే లెక్కలోకి రాదు. బొమ్మల పుస్తకం 20 ఎంబీ ఉందనుకోండి, 4.99 ధరలో 3 డాలర్లు అక్కడే పోయి, మిగతా 1.99లో 70 శాతం, అంటే 1.39 చేతికొస్తుంది. అదే పుస్తకానికి 35 శాతం ఎంచుకుంటే డెలివరీ ఖర్చుండదు, 1.75 వస్తుంది. అందుకే అప్‌లోడ్‌కి ముందే బొమ్మల సైజు తగ్గించుకోవాలి.

డబ్బు అమ్మిన నెల ముగిశాక సుమారు 60 రోజులకు జమవుతుంది. అద్దె, ఈఎంఐ ఉన్నవాళ్లు ఈ ఆలస్యాన్ని తప్పకుండా లెక్కలో పెట్టుకోవాలి. అమెరికా బయటివాళ్లు పన్ను వివరాల్లో తమది అమెరికాతో పన్ను ఒప్పందం ఉన్న దేశమని సరిగ్గా నింపకపోతే అక్కడి అమ్మకాల రాయల్టీలో 30 శాతం ముందే కోసేస్తారు.

కేడీపీ సెలెక్ట్ అనే ఐచ్ఛిక పథకంలో చేరితే 90 రోజులు ఈబుక్ ఇంకెక్కడా అమ్మకూడదు. గడువు తీరాక దానంతటదే కొనసాగుతుంది కాబట్టి, వద్దనుకుంటే ఆటో రెన్యూవల్ టిక్కు ముందే తీసేయండి.