టార్చా, ఆక్రోపొరానా? ఇంటి ట్యాంకులో ఏ రాతి పగడం మేలు

పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంక్ (రీఫ్ ట్యాంక్) ఏడాది పాటు నిలకడగా నడిచి, మెత్తటి పగడాలు బాగా అంటుకున్నాక ఎవరి కన్నైనా రాతి పగడాల మీదికి పోతుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. టార్చ్, హ్యామర్, డంకన్, బ్రెయిన్ లాంటి పెద్ద పాలిప్పుల పగడాలు ఒకవైపు (పాలిప్పు అంటే పగడంలో నోరు, దాని చుట్టూ వేళ్లలాంటి టెంటకిల్స్ ఉండే ఒక్కో జీవి). వీటిని ఎల్‌పీఎస్ అంటాం. ఆక్రోపొరా, మాంటిపొరా, బర్డ్స్‌నెస్ట్ లాంటి చిన్న పాలిప్పుల ఎస్‌పీఎస్ ఇంకోవైపు. చాలామంది లైటు ఖరీదు చూసి ఏదో ఒకటి తేల్చుకుంటారు. నా లెక్కలో లైటు రెండో సంగతి, నీళ్ల నిలకడ మొదటిది.

ఇండియాలో ఉన్నవారికి ముందే ఒక మాట. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రాల్లోంచి తీసిన ముక్కను కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. ఎవరైనా చాటుగా అమ్మజూపితే దయచేసి వద్దనండి. ఈ పోలిక అమెరికా లాంటి చోట్ల ఉంటూ, ట్యాంకుల్లోనే పెంచి కోసిన ముక్కలు కొనుక్కోగలిగే మనవాళ్ల కోసం. నాలుగడుగుల పొడవుండే 75 గ్యాలన్ల ట్యాంక్ అక్కడ చాలా ఇళ్లలో కనిపిస్తుంది కాబట్టి దాన్నే మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

ఏ పగడాన్ని ఎక్కడ పెట్టాలన్నది, అది సముద్రంలో ఎక్కడ బతికేదో తెలిస్తే సగం తేలిపోతుంది. ట్యాంకుల్లోకి వచ్చే ఆక్రోపొరాల్లో ఎక్కువ భాగం అలలు విరిగిపడే లోతులేని చోట, నడినెత్తిన ఎండలో పెరిగే జాతులు. అందుకే దానికి రాళ్ల పైకొస కావాలి. వేవ్‌మేకర్ల (నీళ్లను కదిపే పంపుల) నుంచి నీళ్లు ఒకే దిక్కుగా కాకుండా అటూ ఇటూ మారుతూ గట్టిగా తగలాలి. ట్రాకీఫిలియా అనే బ్రెయిన్ పగడం ఇసుక, బురద నేలల మీద బతికేది. దాన్ని రాతి మీద పెడితే ఒళ్లు ఉబ్బినప్పుడల్లా రాతికి ఒరుసుకుని చిరుగుతుంది. దాని చోటు ఇసుకే. టార్చ్, హ్యామర్ నడిమి ఎత్తున, టెంటకిల్స్ మెల్లగా ఊగేంత ప్రవాహంలో హాయిగా ఉంటాయి. పంపు నేరుగా కొడితే, వాటి అస్థిపంజరం పదునైన అంచులే సొంత కండను కోసేస్తాయి.

పగడానికి పనికొచ్చే వెలుగును పార్ అనే కొలతలో లెక్కిస్తాం. ఎల్‌పీఎస్‌లో చాలావాటికి 50 నుంచి 150 చాలు. మాంటిపొరా, బర్డ్స్‌నెస్ట్‌లకు 200 దగ్గర బాగుంటుంది. ఆక్రోపొరాకు 250 నుంచి 350 దాకా ఇవ్వొచ్చు. నీలి ఎల్ఈడీ వెలుగును కంటితో అంచనా వేయలేం, ఉన్నదానికన్నా తక్కువగా అనిపిస్తుంది. కొన్ని దుకాణాలు, క్లబ్బులు పార్ మీటరు అద్దెకిస్తాయి. ఒక్క పూట తెచ్చి ట్యాంకంతా కొలిచి, అంకెలు కాగితం మీద రాసుకోండి. వెలుగు చాలకపోతే ఆక్రోపొరా గోధుమరంగుకు తిరుగుతుంది, ఎందుకంటే దాని ఒంట్లోని సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. ఎక్కువైతే ఆ నాచు పోయి పాలిపోతుంది. గోధుమరంగు చూసి కంగారుగా లైటు పెంచేయడమే ప్రమాదం. గోధుమరంగు పగడం బతికే ఉంటుంది, ఉన్నట్టుండి తెల్లబడింది చాలాసార్లు దక్కదు. కొత్త ముక్కను కింద మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో పైకి తేవాలి.

ఇక నీళ్లు. రెండు రకాలకూ ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల శక్తి, దీన్ని డీకేహెచ్‌లో కొలుస్తాం) 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1,300 పీపీఎం చుట్టుపక్కల ఉంటే చాలు. తేడా అంకెల్లో లేదు, ఓర్పులో ఉంది. ఒక్క రోజులో ఆల్కలినిటీ ఒకటిన్నర డీకేహెచ్ అటూ ఇటూ అయితే హ్యామర్ రెండు రోజులు ముడుచుకుని మళ్లీ విచ్చుకోవచ్చు. అదే ఆక్రోపొరా మొదలు దగ్గర కండ ఊడిపోవడం మొదలవుతుంది, మొదలయ్యాక ఆపడం కష్టం. పైగా కొమ్మలు పెరిగేకొద్దీ అది తాగే కాల్షియం, ఆల్కలినిటీ కూడా పెరుగుతాయి. నీళ్లు మార్చడంతో సరిపోని రోజు వస్తుంది, వాటిని కొద్దికొద్దిగా నీళ్లలో కలిపే డోసింగ్ పంపు తప్పదు. రోజు విడిచి రోజు టెస్ట్ కిట్ తీసే ఓపిక ఉన్నవాళ్లే ఆక్రోపొరా జోలికి వెళ్లాలని గట్టిగా చెబుతాను.

పొత్తు కుదరడంలో మాత్రం ఎల్‌పీఎస్‌దే దుందుడుకు. పగలు చూసి వదిలిన దూరం రాత్రికి చాలదు. గెలాక్సియా అనే ఎల్‌పీఎస్ పగడం చీకటి పడ్డాక జానెడు పొడవున కుట్టే టెంటకిల్స్ చాస్తుంది, ప్రవాహం లాగితే అవి ఇంకా దూరం పోతాయి. రకరకాల పగడాలున్న మిక్స్‌డ్ ట్యాంకులో దానికి చోటివ్వొద్దు. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ (ఇదీ ఎల్‌పీఎస్సే) ఒకదానికొకటి తగిలినా సాధారణంగా సర్దుకుంటాయి. టార్చ్‌ను వాటి పక్కన చేర్చకండి, కుడుతుంది. ఆక్రోపొరాకు టార్చ్ ఒకసారి తగిలినా ఆ కొమ్మ చస్తుంది. ఆక్రోపొరా దెబ్బ వేరే విధంగా ఉంటుంది. అది విస్తరించి కిందివాటికి నీడ పడేలా చేస్తుంది. పళ్లెంలా పెరిగే మాంటిపొరా కూడా అంతే. మెత్తటి పగడాల్లో లెదర్ రకం నీళ్లలోకి రసాయనాలు వదులుతుంది కాబట్టి అది ఉన్న ట్యాంకులో వాటిని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ వాడండి. చేపల్లో పెద్ద ఏంజెల్‌ఫిష్, చాలా రకాల బటర్‌ఫ్లైఫిష్ దేన్నీ వదలవు.

కాబట్టి 75 గ్యాలన్ల ట్యాంకుకు నా ఓటు ఎల్‌పీఎస్‌కే. ఇసుక మీద ట్రాకీఫిలియా, కింది రాతి మీద డంకన్, నడిమి ఎత్తున ప్రవాహానికి దిగువ కొసలో టార్చ్, చుట్టూ జానెడు ఖాళీ. ఎదుటి కొసన పైన బర్డ్స్‌నెస్ట్ ఒకటి, కొమ్మల మాంటిపొరా ఒకటి పెట్టండి. అవి కొన్ని నెలలు రంగు చెడకుండా పెరిగితే మీ నీళ్లు నిలకడగా ఉన్నట్టే, అప్పుడు చిన్న ఆక్రోపొరా ముక్క తేవచ్చు. తెచ్చినప్పుడు డిప్‌లో (పురుగులను వదిలించే మందు నీళ్లలో) ముంచి, మొదలు కోసి కొత్త ప్లగ్ (ముక్కను నిలబెట్టే చిన్న దిమ్మ) మీద అతికించండి. ఎందుకంటే ఆక్రోపొరాను తినే ఫ్లాట్‌వర్మ్ అనే పురుగు గుడ్లు డిప్‌కు చావవు.

ఏటా సంక్రాంతికి నెల రోజులు ఊరికి వచ్చేవాళ్లయితే ఆక్రోపొరా వద్దేవద్దు. పక్కింటివాళ్లకు మేత వేయడం నేర్పొచ్చు గానీ, ఆల్కలినిటీ పడిపోతే ఏం చేయాలో ఫోన్‌లో చెప్పి చేయించడం కష్టం. ఎల్‌పీఎస్ ట్యాంకైతే ఆవిరైన నీళ్లను తానే భర్తీ చేసే ఆటో టాపాఫ్ నింపి, మేత పొట్లాలు కట్టి బయల్దేరవచ్చు.