టర్న్‌ల కోసం కొన్న 8×42 బైనాక్యులర్: నాలుగు స్టార్లు

తీరంలో పిట్టల్ని చూసే అలవాటున్నవాళ్లకి ఈ తిప్పలు తెలిసే ఉంటాయి. దూరం నుంచి టర్న్‌లన్నీ (తీరాల్లో చేపలు పట్టే పిట్టలు) ఒక్కలాగే ఉంటాయి. తెల్లటి ఒళ్లు, బూడిదరంగు రెక్కలు, నెత్తిన నల్ల టోపీ. ఏది ఏదో తేల్చాలంటే ముందు ముక్కు చూడాలి. ఆ ముక్కు సరిగ్గా కనపడాలనే ఈ 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) కొన్నాను, కాబట్టి రివ్యూ కూడా ముక్కుల లెక్కలోనే రాస్తున్నాను.

కూర్చున్న పిట్టల విషయంలో దీనికి వంక పెట్టలేం. కాస్పియన్ టర్న్‌ని గుంపులో ఇట్టే పట్టేయొచ్చు. టర్న్‌లన్నిటిలోకీ పెద్దది అదే. ముక్కు లావుగా ఎర్రగా ఉండి, కొస దగ్గర నల్లబడి ఉంటుంది. గ్రేట్ క్రెస్టెడ్ టర్న్‌ది పసుపు ముక్కు. అసలు పరీక్ష శాండ్‌విచ్ టర్న్‌తో. నల్ల ముక్కు, కొసన మాత్రం చిటికెడు పసుపు. మామూలు కంటికి అందని ఆ పసుపు ఇందులో శుభ్రంగా కనిపించింది. ఒక చిట్కా కూడా చెప్తాను. గాలి వీస్తున్నప్పుడు ఇవన్నీ గాలికి ఎదురుగా మొహం పెట్టి నిలబడతాయి. మీరు గాలి మీకు పక్క నుంచి తగిలే చోట నిలబడితే, గుంపు మొత్తం ముక్కులు పక్క నుంచి వరసగా కనిపిస్తాయి.

10×42 తీసుకోవాల్సిందని చాలామంది అంటారు. మా అక్క దగ్గర అదే ఉంది. ఒడ్డున గాలికి దానితో చూస్తుంటే, "ఒరేయ్, ఎగిరేది పిట్టో నా చెయ్యో తెలియట్లేదురా" అని నాది లాక్కుంటుంది. 10 రెట్లలో బొమ్మతో పాటు చేతి వణుకూ పెద్దదవుతుంది. పైగా 42ని 8తో భాగిస్తే 5.25. అంటే కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు 5.25 మిల్లీమీటర్లు. 10తో అయితే 4.2 మాత్రమే. పొద్దు వాలాక ఈ తేడా బాగా తెలుస్తుంది. నాకు కళ్లద్దాలున్నాయి. కంటి కప్పుల్ని కిందకి తిప్పేస్తే చూపు వలయం పూర్తిగా కనిపిస్తోంది, అద్దాలు తీయనక్కర్లేదు.

స్టార్ ఎక్కడ తగ్గిందంటే, ఎగిరే పిట్టల దగ్గర. వెలుతురు నిండిన ఆకాశం ముందు తెల్ల పిట్ట ఎగురుతుంటే దాని చుట్టూ ఊదారంగు అంచు వస్తోంది. ముక్కు కొస నల్లగా ఉందో లేక అది అద్దం చేసిన మాయో తేల్చలేం. తెల్ల పిట్టల కోసమే కొనే వస్తువుకి ఇది చిన్న లోపమేం కాదు.

అలాంటప్పుడు నేను రంగు వదిలేసి నడవడిక చూస్తాను. టర్న్ వేటలో ఉంటే ముక్కు కిందకి వంచి, నీళ్లని వెతుక్కుంటూ ఎగురుతుంది. టర్న్‌కి చుట్టమైన గల్ (సీగల్) ముక్కు ముందుకి ఉంటుంది. గల్ హాయిగా నీళ్ల మీద వాలి తేలుతుంది, టర్న్ అలా వాలడం అరుదు. గల్-బిల్డ్ టర్న్ అయితే ఇంకో దారి: మామూలుగా నీళ్లలోకి దూకదు. బురద మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ చటుక్కున వంగి పీతనో పురుగునో ఏరుకుపోతుంది. ఒళ్లు తడవకుండా పూట గడిపే టర్న్ కనపడితే నా అనుమానం ముందు దీని మీదకే పోతుంది.

ఈ బైనాక్యులర్‌కి నేను పెట్టిన డబ్బు వసూలైంది మాత్రం కాస్పియన్ వేటలో. గాల్లో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ ఆగింది. రెక్కలు సగం ముడిచి తలకిందులుగా నీళ్లలో పడి, క్షణంలో పైకి లేచి ఒళ్లు విదిలించింది. ముక్కులో అడ్డంగా చేప. వెనకాలే దాదాపు తల్లంత ఉన్న పిల్ల, సన్నగా ఈల వేస్తూ వెంటపడింది. తల్లి గొంతు బొంగురు, పిల్లది ఈల. ఎగరడం వచ్చాక కూడా ఈ పిల్లలు నెలల తరబడి పెద్దవాటి మీదే ఆధారపడతాయి. చూపు వెడల్పు బాగుండటం వల్ల రెండూ ఒకే వలయంలో ఉన్నాయి, ఫోకస్ చక్రాన్ని వేలితో కాస్త కదిపితే సరిపోయింది.

గూళ్ల దగ్గరికి మాత్రం ఎంత మంచి బైనాక్యులర్ ఉన్నా వెళ్లకండి. పెద్దవి లేచిపోతే గుడ్లు ఎండలో మాడిపోతాయి.

నడిసముద్రం మీద చుక్కల్లా పోయే పిట్టలే మీకు ముఖ్యమైతే ఇది చాలదు, ట్రైపాడ్ మీద పెట్టే స్కోప్ కొనుక్కోండి. ఇది వాటర్‌ప్రూఫ్ కాబట్టి ఉప్పు తుంపర పడితే ముందు మంచినీళ్లతో కడిగి, ఇసుక రేణువులు పోయాకే గుడ్డ పెట్టండి. ముందు అద్దాల మూతలు మరీ వదులు. ఒకటి ఇప్పటికే ఇసుకలో ఎక్కడో ఉంది.