ఓవర్‌లీఫ్‌లోని జేక్స్ రెజ్యూమే టెంప్లేట్: ఫ్రెషర్లకు ఎంతవరకు ఉపయోగం?

తొలి ఉద్యోగం కోసం వెతుకుతున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు నేను నిస్సంకోచంగా సూచించే ఉచిత సాధనం, బ్రౌజర్‌లోనే పత్రాలు తయారుచేసుకునే ఓవర్‌లీఫ్ వెబ్‌సైట్‌లో దొరికే జేక్స్ రెజ్యూమే టెంప్లేట్. ఇందులో ఫొటోకు చోటు లేదు, నైపుణ్యాలను నక్షత్రాలతో కొలిచి చూపే అలంకారాలూ లేవు. పేరు, ఫోన్, ఈమెయిల్, లింక్డ్‌ఇన్, గిట్‌హబ్ వివరాలు పైన వస్తాయి. వాటి కింద చదువు, అనుభవం, ప్రాజెక్టులు, సాంకేతిక నైపుణ్యాలు ఒకే కాలమ్‌లో సాగుతాయి.

దరఖాస్తులను మొదట సాఫ్ట్‌వేర్ వడపోసే సంస్థల విషయంలో ఈ నిరాడంబరతే మేలు చేస్తుంది, ఎందుకంటే రెండు కాలమ్‌ల డిజైన్లలో ఎడమవైపు మాటలూ కుడివైపు మాటలూ కలిసిపోయే ప్రమాదం ఉంది. పీడీఎఫ్‌లోని అక్షరాలు యంత్రానికి సరిగ్గా అందేలా చూసే ఆదేశాలను ఈ టెంప్లేట్‌లో ముందే రాసిపెట్టారు. తయారైన పీడీఎఫ్‌లోని పాఠాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే, వరుస చెదరలేదని ఎవరికి వారే చూసుకోవచ్చు.

వర్డ్‌కు అలవాటుపడినవారిని ఇబ్బంది పెట్టేది ఈ టెంప్లేట్‌ను రాసిన లాటెక్ భాష; ఇందులో పత్రం రూపాన్ని ఆదేశాలతో నిర్ణయిస్తారు. ప్రాజెక్టు కచ్చితత్వం 92% అని మామూలుగా టైప్ చేస్తే, ఆ శాతం గుర్తు నుంచి లైను చివరిదాకా ఉన్నదంతా, మూసే బ్రాకెట్‌తో సహా, కామెంట్‌గా (లాటెక్ పట్టించుకోని భాగంగా) మారిపోయి ఎర్రర్ వస్తుంది; గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ చేర్చితే సరిపోతుంది. &, # గుర్తులకూ ఇదే పద్ధతి. కాగితం కొలత అమెరికా లెటర్ సైజులో ఉంటుంది కాబట్టి ఫైలు మొదట్లో ఉండే \documentclass లైనులో దాన్ని ఎ4కు మార్చుకోవాలి.

అయితే టెంప్లేట్ ఇచ్చేది చట్రం మాత్రమే. నమూనాలో అనుభవం ప్రాజెక్టుల కంటే ముందు ఉంటుంది. ఇంటర్న్‌షిప్ చేయనివారు ఆ విభాగాన్ని తీసేసి ప్రాజెక్టులను పైకి తేవడం మంచిది. హాజరు నమోదు ప్రాజెక్టులో పాల్గొన్నానని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. నలుగురి బృందంలో లాగిన్, నెలవారీ నివేదిక భాగాలను ఫ్లాస్క్ వెబ్ ఫ్రేమ్‌వర్క్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో తానే రాశానని చెబితే, ఇంటర్వ్యూలో అడగడానికి ప్రశ్నా, చెప్పడానికి జవాబూ రెండూ దొరుకుతాయి. మన కాలేజీలలో చేతులు మారుతూ వచ్చే పాత ఫార్మాట్లలోని తండ్రి పేరు, వైవాహిక స్థితి, చివరి డిక్లరేషన్ ఇందులో లేకపోవడం నాకు ఎంతో నచ్చింది. సంస్థ ప్రత్యేకంగా అడగనంతవరకు వాటిని చేర్చవద్దు. పదో తరగతి, ఇంటర్ మార్కుల సంగతి వేరు. క్యాంపస్ నియామకాలకు వచ్చే సంస్థలలో చాలా వాటిని అడుగుతాయి కాబట్టి చదువు విభాగంలో రెండు లైన్లు అదనంగా చేర్చుకోవాలి.

బీకాం, ఫార్మసీ వంటి కోర్సులు చదివినవారు దీనికోసం లాటెక్ నేర్చుకోవాలని నేను చెప్పను. ఇదే క్రమంలో, ఇదే ఒక్క పేజీలో గూగుల్ డాక్స్‌లో తయారుచేసి పీడీఎఫ్‌గా దించుకున్నా వారి అవసరం తీరుతుంది.