మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండ దాకా: దారిని బట్టి టైరు, టైరును బట్టి గాలి

మహబూబ్‌నగర్‌లో బయల్దేరి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, సోమశిల, అచ్చంపేట, మన్ననూరు, డిండి, దేవరకొండ, నాగార్జునసాగర్ మీదుగా నల్లగొండ చేరే దారిలో ముప్పాతిక పైన తారే. మిగిలింది మొరం బాట, ఎర్ర దుబ్బ, చెరువుకట్ట, కాలువగట్టు, అక్కడక్కడ నల్లరేగడి. ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బైకు ఉన్నవాళ్లు ఆ పావు వంతు మట్టిని తలుచుకొని పెద్ద పెద్ద దిమ్మెల (టైరు మీద పైకి ఉండే రబ్బరు గడ్డల) టైర్లు వేయిస్తారు. వాటిని అరగదీసేది మాత్రం ముప్పాతిక తారే. పైగా ఎండాకాలపు తారు. అందుకే ఈ దారికి టైరు ఎంచుకునేటప్పుడు మట్టిని ఒక్కటే చూస్తే లాభం లేదు.

ముందు నేల సంగతి. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎక్కువ భాగం ఎర్ర చెల్క. ఎండినప్పుడు అడుగు గట్టిగా ఉంటుంది, పైన మాత్రం జొన్నగింజంత మొరం పొర వదులుగా పరుచుకొని ఉంటుంది. దీని మీద ఎంత లోతు దిమ్మె అయినా నేలలోకి దిగదు, పై పొర మీదే జారుతుంది. ఇక్కడ పట్టు ఇచ్చేది దిమ్మె లోతు కాదు, దిమ్మె అంచు పదును, టైరు నేలకు ఆనే వెడల్పు. ఆ వెడల్పు గాలి తగ్గిస్తే వస్తుంది. ఎద్దుల బండ్లు, ట్రాక్టర్లు నలగ్గొట్టిన చోట దుబ్బ లోతుగా ఉంటుంది. అక్కడ పనికొచ్చేది ముందు టైరు దిమ్మెలే. వెనక చక్రం జారితే బండి తోక ఊపుతుంది, యాక్సిలరేటర్‌తో సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే వ్యవధే ఉండదు.

కాబట్టి మా సలహా ఇది. ముందు టైరు సగం మట్టి, సగం తారు రకం. వెనక టైరు ముప్పాతిక తారు రకం. రెండూ ఒకే కంపెనీ, ఒకే డిజైన్ ఉండాలని పట్టు పట్టాల్సిన పని లేదు. బరువు మోసేదీ, ఇంజిన్ లాగుడు భరించేదీ వెనకదే కాబట్టి అది ముందుదానికన్నా చాలా త్వరగా అరుగుతుంది. వెనక తక్కువ దిమ్మెల టైరు వేసుకుంటే ఖర్చూ కలిసొస్తుంది, తడి ఘాట్ రోడ్డు మీద పట్టూ మెరుగు.

సైజులు బండిని బట్టి (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, చివరిది చక్రం అంగుళాల్లో). ఎక్స్‌పల్స్ 200 4విలో ముందు 90/90-21, వెనక 120/80-18. పాత హిమాలయన్ 411లో ముందు అదే, వెనక 120/90-17. హిమాలయన్ 450లో వెనక 140/80 ఆర్17. ముందు 21 అంగుళాల చక్రం మూడింటికీ ఒకటే కావడం ప్రయాణంలో పెద్ద సౌకర్యం, గుంపులో ఒకరి ట్యూబు మరొకరికి పనికొస్తుంది. కంపెనీ ఇచ్చిన సైజు కన్నా వెడల్పు టైరు వేయిస్తే చైనుకు రాసుకునే ప్రమాదం ఉంది, మలుపుల్లో బండి బద్ధకిస్తుంది. ఎత్తు మారితే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లెక్క కూడా తేడా వస్తుంది.

తారు వైపు మొగ్గే రకాల్లో పిరెల్లీ ఎంటీ 60, సియట్ గ్రిప్ ఎక్స్‌ఎల్, ఎంఆర్ఎఫ్ మోగ్రిప్ మీటియోర్-ఎం ఈ దారికి సరిపోతాయి. ముందుకు గట్టి దిమ్మెలు కావాలంటే మిషెలిన్ అనాకీ వైల్డ్, మెట్జెలర్ కరూ, కాంటినెంటల్ టీకేసీ 80 తరహావి చూడొచ్చు. కొనే ముందు సైజు దొరుకుతుందో లేదో అడగండి, ప్రతి రకం ప్రతి సైజులో రాదు. టైరు పక్క గోడ మీద 62పీ అని ఉంటే, 62 అంటే ఆ టైరు 265 కేజీలు మోస్తుందని, పీ అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా ఆగుతుందని. వెనక సామాను, ఇద్దరు మనుషులు ఉన్నప్పుడు చూడాల్సింది మొదటి అంకె. తర్వాత తయారీ తేదీ. నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2224 అని ఉంటే 2024లో 22వ వారం. ఎక్కువ అమ్ముడుపోని సైజులు దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి, కొత్తగా కనిపిస్తూనే రబ్బరు బిరుసెక్కుతుంది. గోరుతో దిమ్మె నొక్కి చూడండి, రవ్వంత దిగాలి.

జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ దాకా టైరుకు పెద్ద పరీక్ష ఉండదు. రోడ్డు పనులు జరిగే చోట కంకర మీదికి మళ్లిస్తారు, అంతే. తారు మీద ఒక్కరే ఉంటే ముందు 25 నుంచి 28, వెనక 30 నుంచి 32 పీఎస్‌ఐ గాలి. బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. గాలి పొద్దున్నే, చక్రం చల్లగా ఉన్నప్పుడు చూడాలి. టైరు ఐదారు డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం చూసి ఎక్కువైందని తీసేస్తే, సాయంత్రానికి మెత్తబడిన టైరు మీద నడుపుతారు. పక్క గోడలు అదే పనిగా మడతపడి ఇంకా వేడెక్కుతాయి, దిమ్మెలు మొదలు దగ్గర చిట్లేది అప్పుడే.

సోమశిలలో తెలంగాణ టూరిజం వారి హరిత కాటేజీలు ఉన్నాయి. గది కంటే ఆ చోటు గొప్పది, ముందు కృష్ణ, చుట్టూ నల్లమల గుట్టలు. సెలవు రోజుల్లో గదులు ముందే నిండుతాయి, ఖాయం చేసుకొని వెళ్లాలి. బండి కాటేజీ దగ్గరే పెట్టుకునే వీలుంటే అది అడిగి తీసుకోండి. ట్యూబు మార్చాల్సి వస్తే అక్కడే చేసుకోవచ్చు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు శ్రీశైలం జలాశయం నీళ్లు వెనక్కి పోయినప్పుడు బయటపడిన నేల మీదికి బండి దించడం. పైకి నెర్రెలు బారి గట్టిగా కనిపిస్తుంది. ఆ పెంకు కింద ఒండ్రు ఇంకా పచ్చిగానే ఉంటుంది. వెనక చక్రం పెంకు పగలగొట్టి ఇరుసు దాకా దిగితే, యాక్సిలరేటర్ ఇచ్చిన కొద్దీ గొయ్యి లోతవుతుంది. దాన్ని ఏ టైరూ గెలవదు. నీటి అంచుకు నడిచి వెళ్లడమే మంచిది.

కొల్లాపూర్ నుంచి లింగాల మీదుగా అచ్చంపేట వైపు వచ్చే దారుల్లో పొలాల బాటలు బాగుంటాయి. మట్టిలోకి దిగగానే ముందు 20 నుంచి 22, వెనక 22 నుంచి 24కు తగ్గించండి. లోతు దుబ్బలో 18 దాకా పోవచ్చు. ట్యూబు చక్రానికి రిమ్ లాక్ (టైరు అంచును రిమ్ముకు బిగించి పట్టే బిళ్ల) లేకపోతే ఇంకా దిగొద్దు. టైరు రిమ్ము మీద జరిగి, దాంతో పాటు ట్యూబు తిరిగి, వాల్వు మొదట్లో తెగిపోతుంది. తెగిన వాల్వుకు అతుకు లేదు. అందుకే వాల్వు మీద ఉండే చిన్న నట్టును రిమ్ముకు బిగించకూడదు, పైకి తెచ్చి మూతకు ఆనించి పెట్టాలి. వాల్వు వంగినట్టు కనిపిస్తే టైరు జరుగుతోందని ముందే తెలుస్తుంది. తారెక్కగానే గాలి మళ్లీ నింపుకోవాలి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్, సొంత గేజి తప్పనిసరి. ఒక్కో దుకాణం మీటరు ఒక్కో లెక్క చెబుతుంది.

మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. ఇక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. తారు దిగి అడవి బాటల్లోకి బండి తిప్పడం నిషిద్ధం, టైరు ఎంత మంచిదైనా. ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కు అటవీశాఖ సఫారీ వాహనాల్లోనే పోవాలి, బండి మన్ననూరులో ఉంచి వెళ్తే హాయి. సలేశ్వరం బాట తెరిచేది చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే, అది యాత్రికుల దారి. ఇదే రోడ్డున శ్రీశైలం వైపు పోయి వటవర్లపల్లి దగ్గర మళ్లితే మల్లెలతీర్థం జలపాతం. అక్కడ మెట్లు దిగాలి కాబట్టి బూట్లతో పాటు మామూలు చెప్పులూ ఉంచుకోండి. వానల తర్వాత వెళ్తేనే జలపాతం కనిపిస్తుంది. దోమలపెంట దాటాక ఈగలపెంట మీదుగా శ్రీశైలం ఆనకట్టకు దిగే మలుపుల్లో పెద్ద దిమ్మెల టైరు కొంచెం తడబడుతుంది. బండి వంచినప్పుడు అంచు దిమ్మెలు మడతపడటం వల్ల అలా అనిపిస్తుంది. చినుకు పడిన మొదటి పావుగంట మరీ జాగ్రత్త.

మన్ననూరులో అటవీశాఖ నడిపే బస ఉంది, సఫారీతో కలిపి ముందుగా బుక్ చేసుకోవాలి. అడవి కోసం వచ్చేవాళ్లకు మా ఓటు దీనికే. మన్ననూరు దాటాక మాత్రం పంచర్ దుకాణం మీద ఆశ పెట్టుకోవద్దు. సాయంత్రం నాలుగు తర్వాత లోపలికి బయల్దేరితే, ఒక ముల్లు చాలు గేటు వేళ మించిపోవడానికి.

ముల్లంటే ఇక్కడ సర్కారు తుమ్మ. చెరువుకట్టల మీద, కాలువగట్ల మీద, ఊరి బయట బీళ్లలో అంతటా అదే. బూటు అడుగులోంచే దిగే ముల్లు అది. టైరులో గుచ్చుకొని బయటి కొన విరిగిపోతుంది, లోపలి కొన అలాగే ఉంటుంది. పైకి ఏమీ కనపడదు. ట్యూబుకు అతుకేసి ఎక్కిస్తే ఊరు దాటకముందే మళ్లీ గాలి పోతుంది. అందుకే ట్యూబు తీశాక టైరు లోపలి గోడంతా పాత గుడ్డతో తుడవాలి. ముల్లు గుడ్డ పోగును పట్టుకుంటుంది. ఉత్త వేళ్లతో తడిమితే వేలిలో దిగుతుంది. దొరికిన ముల్లును లోపలి వైపు నుంచే కటింగ్ ప్లేయర్‌తో లాగాలి.

ట్యూబు మార్చే పని వరుస తెలిసి ఉంటే అరగంట. సెంటర్ స్టాండు లేకపోతే ఇంజిన్ కింది రేకు కింద రాయో మొద్దో పెట్టి చక్రం లేపండి. వెనకదైతే చైను సర్దే గుర్తులు రెండు వైపులా ఎక్కడున్నాయో ఫొటో తీసుకొని, ఇరుసు నట్టు వదులు చేసి, చక్రం ముందుకు తోసి చైను దించాలి. వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలి, టైరు అంచును రెండు వైపులా రిమ్ము నుంచి విడగొట్టాలి. లివర్లు వాల్వు పక్కనే మొదలుపెట్టండి. ఎదురు వైపు అంచును మోకాలితో రిమ్ము మధ్య గుంటలోకి నొక్కితే ఇటు వైపు సులువుగా లేస్తుంది. బలం వాడాల్సి వస్తోందంటే ఎదురు అంచు గుంటలో లేదని గుర్తు. కొత్త ట్యూబుకు టాల్కం పౌడర్ రాసి, ఆకారం వచ్చేంత గాలి పెట్టి ఎక్కించాలి. ఈసారి వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి, చివర వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదలాలి. అప్పుడే ట్యూబు అంచు కింద నలగదు. తర్వాత 40 పీఎస్‌ఐ దాకా కొడితే టైరు అంచు గీత రిమ్ము చుట్టూ ఒకే ఎత్తున కూర్చుంటుంది, ఆపైన సరిపడా తగ్గించుకోవాలి. పక్క గోడ మీది బాణం చక్రం తిరిగే వైపే ఉందా అని చక్రం ఎక్కించే ముందే చూడండి.

దారిలో ప్రతి పెద్ద ఊళ్లో పంచర్ దుకాణం ఉంది, పని బాగానే చేస్తారు, ట్యూబ్‌లెస్‌కు రంధ్రం మూసే రబ్బరు తీగ కూడా పెడతారు. దొరకనిది 21 అంగుళాల ట్యూబు. అది సంచిలో ఉండాల్సిందే, అవసరపడితే 18 అంగుళాల వెనక చక్రంలోనూ కుక్కి ఇంటి దాకా నెట్టుకురావచ్చు. మందపాటి ట్యూబులు ముళ్లను కొంత ఆపుతాయి. కానీ హైవే మీద వేగంగా పోతే వేడెక్కుతాయి, ఎండాకాలంలో మామూలు మందమే మేలు. ట్యూబ్‌లెస్ చక్రాలుంటే ముళ్ల బెడద సగానికి పైగా పోయినట్టే.

డిండి జలాశయం దాటి దేవరకొండ వైపు తిరిగితే ఈ యాత్రలో అసలైన మట్టి. చందంపేట, నేరేడుగొమ్ము మండలాల్లో తండాల మధ్య మొరం బాటలు, చిన్న ఒర్రెలు, పలుగురాళ్ల ఎత్తుపల్లాలు. పలుగురాయి అంచు కత్తిలా ఉంటుంది, మెత్తటి రబ్బరు దిమ్మెలను ముక్కలుగా చెక్కేస్తుంది. ఇక్కడ గాలి మరీ తగ్గిస్తే రాయి ట్యూబును రిమ్ముకేసి నొక్కి, పక్కపక్కనే రెండు చీలికలు పెడుతుంది. 24కు తగ్గకండి. నేరేడుగొమ్ము దగ్గర వైజాగ్ కాలనీలో చేపల వేపుడు తిని, వేళ ఉండగానే సాగర్ చేరుకోవచ్చు. సాగర్‌లో టూరిజం వారి విజయ విహార్ ఉంది, నీటి వైపు గది దొరికితే తీసుకోండి. నాగార్జునకొండ లాంచీ, బుద్ధవనం చూడాలంటే ఒక పూర్తి రోజు ఉంచుకోవాలి.

నడిగడ్డ వైపు, అంటే గద్వాల, అలంపూర్ కలుపుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ నల్లరేగడి ఎక్కువ. తడిసిన రేగడి దిమ్మెల మధ్య సందులు నింపేస్తుంది, పది గజాల్లో టైరు నున్నటి డ్రమ్ములా మారుతుంది. ముందు మడ్‌గార్డు కిందుగా ఉంటే మట్టి కూరుకొని చక్రమే ఆగిపోతుంది. వాన పడిన రోజు తారు వదలొద్దు.

సాగర్ నుంచి హాలియా మీదుగా నల్లగొండ రోడ్డు సాఫీ. కోతల కాలంలో, అంటే కార్తీకం ముందూ వెనకా, మళ్లీ యాసంగి తర్వాత ఏప్రిల్, మే నెలల్లో, ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్లు పేరుస్తారు. వడ్ల మీద ఏ టైరుకూ పట్టుండదు, చీకట్లో ఆ రాళ్లు, నల్ల టార్పాలిన్లు కనపడవు. ఈ ముక్క పగలే ముగించేలా సాగర్‌లో పొద్దున్నే బయల్దేరండి. ఇల్లు చేరాక చువ్వలు ఒక్కొక్కటీ స్పానరుతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చువ్వ వదులైనట్టు. దిమ్మెల మొదట్లో చీలికలున్నాయేమో, సందుల్లో విరిగిన ముల్లేమైనా మిగిలిందేమో అప్పుడే చూసి, ఉంటే తీసేయండి.